గుణాత్మక పరిశోధన సామగ్రిని ఏ మార్కప్ ప్రమాణంలో ఇచ్చిపుచ్చుకోవాలి? ఆరు మార్గాల పోలిక

ఇంటర్వ్యూలు, బృంద చర్చలు, క్షేత్ర టిప్పణులు ఆధారంగా పరిశోధన చేసేవారికి పని మధ్యలోనో ముగింపులోనో ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇంతకాలం చదివి, కోడ్లు (పాఠంలోని ముక్కలకు తగిలించే విషయ సూచిక పేర్లు) ఇచ్చి, మెమోలు (తమ ఆలోచనల టిప్పణులు) రాసుకున్న సామగ్రిని మరో సాఫ్ట్‌వేర్‌లోకో, మరో బృందానికో, ఒక డేటా ఆర్కైవ్‌కో ఏ రూపంలో అందించాలి? సర్వే పరిశోధకులకు ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే అడ్డువరుసలూ నిలువువరుసలూ ఉన్న పట్టికను ఏ గణాంక సాఫ్ట్‌వేర్ అయినా చదువుతుంది. గుణాత్మక సామగ్రిలో మూల పాఠం ఒకటి, ఆ పాఠంలోని ముక్కలకు పరిశోధకులు అంటించిన అర్థాలు మరొకటి, ఆ అర్థాల మధ్య ఊహించిన సంబంధాలు ఇంకొకటి. ఈ మూడూ ఒకదానినొకటి పట్టుకుని ఉన్నంతవరకే వాటికి విలువ. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకొకదానికి మారేటప్పుడు ముందుగా తెగేది ఆ పట్టే.

దీనికోసం రూపొందిన ఉమ్మడి మార్కప్ ప్రమాణాలు, అంటే పాఠానికి చేర్చిన గుర్తులను యంత్రం చదవగలిగేలా రాసే నియమాలు, కొన్ని ఉన్నాయి. వాటిలో ఏది ఉత్తమం అని అడిగితే సరైన జవాబు దొరకదు, ఎందుకంటే అవి ఒకే అవసరం కోసం పుట్టినవి కావు. సామగ్రిలో ఏ పొర చెక్కుచెదరకుండా చేరాలి, ఏ పొర పోయినా ఫరవాలేదు అన్నది ముందుగా తేల్చుకున్నవారికి ఎంపిక సగం అయిపోయినట్టే.

## ముందు చూడవలసిన ప్రాతిపదికలు

మొదటిది, ఏమేమి ప్రయాణిస్తుందన్నది: మూల పాఠం మాత్రమేనా, కోడ్‌బుక్ (కోడ్ల జాబితా, వాటి నిర్వచనాలు) కూడానా, ఏ కోడ్‌ను ఎవరు ఏ ముక్కకు ఇచ్చారన్న వివరంతో సహానా, మెమోలు, వ్యక్తుల వయసు, వృత్తి వంటి వివరాలు కూడానా అన్నది చూడాలి.

రెండోది కొంత సాంకేతికమైనదే అయినా తరువాతి చిక్కులన్నిటికీ మూలం. గుర్తులను పాఠం లోపలే ట్యాగులుగా రాసే పద్ధతి ఒకటి. పాఠాన్ని ముట్టుకోకుండా వేరే ఫైలులో ‘ఇన్నో అక్షరం నుంచి ఇన్నో అక్షరం వరకు ఈ కోడ్’ అని రాసే పద్ధతి రెండోది. ఇలాంటి ట్యాగులు రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే కంప్యూటర్ భాష నియమం ప్రకారం ఒక ట్యాగు ఇంకొక ట్యాగులో పూర్తిగా ఇమిడిపోవాలి తప్ప సగం లోపల, సగం బయట ఉండకూడదు. గుణాత్మక కోడింగ్‌లో మాత్రం ‘అప్పు’ అనే కోడ్ ఒక వాక్యం మధ్యలో మొదలై తరువాతి వాక్యం మధ్యలో ముగియవచ్చు, దాని మీదుగానే ‘వలస’ అనే కోడ్ ఇంకో చోట మొదలు కావచ్చు. కాబట్టి ఒకదానిపై ఒకటి పడే కోడ్లు ఎక్కువగా ఉన్న పరిశోధనకు రెండో పద్ధతే సహజం. అయితే ఆ పద్ధతిలో మూల పాఠంలో ఒక్క అక్షరం చేర్చినా, తీసినా ఆ తరువాతి గుర్తులన్నీ పక్కకు జరుగుతాయి.

మూడోది, ఇవాళ ఆ ఫైలును ఎవరు తెరవగలరు. నాలుగోది, ఇరవై ఏళ్ల తరువాత ఎవరు తెరవగలరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం చాలామందికి అలవాటు, కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీల తీరు చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఒకప్పుడు పోటీదారులుగా ఉన్న గుణాత్మక విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లు ఎన్‌వివో, అట్లస్ డాట్ టీఐ రెండూ 2024 నుంచి ల్యూమివెరో అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. ఒక కంపెనీ సొంత ఫైలు రూపంలో మాత్రమే సామగ్రి దాచుకున్నవారి భవిష్యత్తును ఆ కంపెనీ వ్యాపార నిర్ణయాలే నడిపిస్తాయి.

ఐదోది శ్రమ. ఆరోది, తెలుగు పాఠం విషయంలో ప్రత్యేకంగా పరీక్షించవలసినవి. ఈ చివరి ప్రాతిపదిక ఇంగ్లిష్‌లో వచ్చే మార్గదర్శకాల్లో సాధారణంగా కనబడదు కాబట్టి ఇక్కడ కొంత ఎక్కువ చోటు ఇస్తున్నాను.

## ఒక్క చూపులో

| మార్గం | ప్రధానంగా మోసేది | గుర్తులు ఎక్కడ ఉంటాయి | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| రెఫీ-క్యూడీఏ | పాఠం, కోడ్లు, మెమోలు, వ్యక్తుల వివరాలు | పాఠం బయట | వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లు వాడే బృందాలు |
| టీఈఐ | మాట్లాడిన తీరు, పాఠ నిర్మాణం | ఎక్కువగా పాఠం లోపల | మౌఖిక చరిత్ర, భాషా పరిశోధన |
| డీడీఐ | అధ్యయనం గురించిన వివరణ | వర్తించదు | ఆర్కైవ్‌లు, గ్రంథాలయాలు |
| క్యూడెక్స్ | ముక్కలు, కోడ్లు, మెమోలు, సంబంధాలు | పాఠం బయట | ఆర్కైవ్ వ్యవస్థ నిర్మించేవారు |
| వెబ్ అనోటేషన్ | ఒక ముక్కకు ఒక వ్యాఖ్య | పాఠం బయట | ప్రచురిత వ్యాసానికి ఆధారాలు చూపేవారు |
| సాదా పాఠం, స్ప్రెడ్‌షీట్ | పాఠం, కోడ్ చేసిన ముక్కల జాబితా | పట్టికలో | అందరికీ, తోడుగా |

## రెఫీ-క్యూడీఏ

2016లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో క్వాలాన్ అనే గుణాత్మక పరిశోధకుల సంఘం జరిపిన సదస్సు నుంచి పుట్టిన ప్రయత్నం ఇది. పోటీలో ఉన్న సాఫ్ట్‌వేర్ తయారీదారులే ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒప్పందానికి రావడం దీని బలం. అంతకుముందు వచ్చిన ప్రమాణాలు మేధాపరంగా బాగున్నా అమలులో వెనకబడడానికి కారణం ఈ సమ్మతి లేకపోవడమే. 2018లో కోడ్‌బుక్ మాత్రమే మార్చుకునే రూపం, 2019లో పూర్తి ప్రాజెక్టు మార్చుకునే రూపం వెలువడ్డాయి. మొదటిదాని ఫైలు పొడిగింపు క్యూడీసీ, రెండోదానిది క్యూడీపీఎక్స్. అట్లస్ డాట్ టీఐ, ఎన్‌వివో, మ్యాక్స్‌క్యూడీఏ, క్యూడీఏ మైనర్, క్విర్కోస్ వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లతో పాటు ఉచితంగా దొరికే క్వాల్‌కోడర్ కూడా దీన్ని వాడుతుంది. మరొక ఉచిత సాఫ్ట్‌వేర్ టాగెట్ నుంచి కోడ్‌బుక్‌ను ఈ రూపంలో బయటికి తీసుకోవచ్చు.

క్యూడీపీఎక్స్ అనేది నిజానికి ఒక జిప్ ఫైలు. అందులో ప్రాజెక్టు వివరాలన్నీ ఉన్న ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు, మూల పత్రాలున్న ఒక ఫోల్డర్ ఉంటాయి. ప్రతి కోడ్‌కూ, ప్రతి పత్రానికీ, ప్రతి గుర్తుకూ ప్రపంచంలో మరెక్కడా రాని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, గుర్తులన్నీ ఆ సంఖ్యల ద్వారా ఒకదానినొకటి సూచించుకుంటాయి. కోడ్‌ను ఎవరు ఎప్పుడు ఇచ్చారన్నది కూడా నమోదవుతుంది కాబట్టి ఇద్దరు కోడర్ల మధ్య పొంతన లెక్కించవలసిన బృందానికి ఇది ఎంతో ఉపయోగం.

దీని పరిమితులు మూడు. ఒక సాఫ్ట్‌వేర్‌కే ప్రత్యేకమైన సదుపాయాలు, ఉదాహరణకు దాచుకున్న శోధనల ఫలితాలు, గీసుకున్న చిత్రపటాల రూపురేఖలు, అవతలి వైపు అదే తీరులో వస్తాయన్న హామీ లేదు. ప్రమాణం అందరికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది, మిగిలినది వదిలేస్తుంది. రెండో పరిమితి పెద్ద ఆడియో, వీడియో ఫైళ్లది. వాటిని జిప్‌లో పెట్టకుండా బయటే ఉంచి వాటి దారి మాత్రమే రాసే వీలు ప్రమాణంలో ఉంది. ఆ ఫైళ్లు జతచేయకుండా క్యూడీపీఎక్స్ ఒక్కటే పంపితే తాళంచెవి ఇచ్చి పెట్టె ఇంట్లోనే ఉంచేసినట్టు అవుతుంది.

మూడోది నైతికమైనది, తరచూ కన్నుగప్పేది. ట్రాన్‌స్క్రిప్టులో పేర్లు మార్చి అజ్ఞాతంగా చేసినవారు కూడా మెమోల్లో అసలు పేర్లు, ఊరి పేర్లు రాసుకుని ఉంటారు. వ్యక్తుల వివరాల పట్టికలో కులం, వృత్తి, గ్రామం పక్కపక్కనే ఉంటే మనిషిని గుర్తుపట్టడానికి పేరు అవసరం లేదు. పూర్తి ప్రాజెక్టు ఎగుమతిలో ఇవన్నీ ఫైలుతో పాటే అవతలివారికి వెళ్తాయి, కోడర్ల పేర్లతో సహా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం పరిశోధనకు కొంత మినహాయింపు ఇచ్చిన మాట నిజమే కానీ, అది నిర్దేశిత ప్రమాణాలకు లోబడిన మినహాయింపు. పైగా ఇంటర్వ్యూ ఇచ్చినవారికి మనం ఇచ్చిన మాట చట్టం కంటే ముందున్నది. అందుకే బయటివారికి పంపేటప్పుడు పనిచేస్తున్న ప్రాజెక్టును కాక, మెమోలు వడకట్టిన ఒక నకలును పంపడం మంచిది.

## టీఈఐ

మానవీయ శాస్త్రాల గ్రంథాలను కంప్యూటర్‌లో గుర్తించి రాసేందుకు 1987లో అమెరికాలోని వాసర్ కాలేజీలో జరిగిన సమావేశంతో మొదలైన ప్రమాణం టీఈఐ. ఇప్పుడు వాడుకలో ఉన్న ఐదో కూర్పు 2007లో వచ్చింది. ఇందులో మాటల లిప్యంతరీకరణకే ఒక ప్రత్యేక అధ్యాయం ఉంది. ఎవరు మాట్లాడారు, ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, ఎక్కడ నవ్వారు, దగ్గారు, చేయి ఊపారు, పక్కన ఏ చప్పుడు అయింది వంటి వాటన్నిటికీ వేర్వేరు ట్యాగులున్నాయి. దీని ఆధారంగా 2016లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ మాటల లిప్యంతరీకరణకు ఐఎస్‌ఓ 24624 అనే ప్రమాణాన్ని కూడా విడుదల చేసింది.

తెలుగులో ఇంటర్వ్యూలు చేసేవారికి టీఈఐ ఆకర్షణ వేరే చోట ఉంది. తెలంగాణ పల్లెలో ఒకామె ‘లోన్ కట్టలేక మస్తు పరేషాన్ అయినం’ అంటే, ట్రాన్‌స్క్రిప్టు రాసేవారు దాన్ని ‘అప్పు తీర్చలేక చాలా ఇబ్బంది పడ్డాం’ అని దిద్దేయడం మామూలుగా జరిగే పని. అలా దిద్దితే ఆమె గొంతు పోతుంది, దిద్దకపోతే తరువాత వెతుకులాటలో ‘అప్పు’ అన్న మాటకు ఆ వాక్యం దొరకదు. టీఈఐలో పలికిన రూపాన్నీ, ప్రామాణిక రూపాన్నీ పక్కపక్కనే రెండు ట్యాగుల్లో ఉంచవచ్చు. ఉర్దూ, ఇంగ్లిష్ మాటలకు భాషా సంకేతం తగిలించి ఎవరు ఏ సందర్భంలో ఏ భాషకు మారారో కూడా నమోదు చేయవచ్చు. ఇక్కడ పోల్చిన మిగతా మార్గాల్లో ఇంత సూక్ష్మత లేదు.

అయితే ఇది ఉచితంగా వచ్చే సూక్ష్మత కాదు. గంట ఇంటర్వ్యూకు టీఈఐ ట్యాగులు సరిగా వేయడానికి సాధారణ ట్రాన్‌స్క్రిప్షన్‌కు పట్టే సమయం కంటే చాలా ఎక్కువ పడుతుంది. ఈ ట్యాగులు వేయగల సహాయకులు దొరకడం కూడా తేలిక కాదు. గుణాత్మక విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లలో నేరుగా టీఈఐని దిగుమతి చేసుకుని దాని ట్యాగులను అర్థం చేసుకునేవి అరుదు కాబట్టి, విశ్లేషణ దశలో ఈ శ్రమ అక్కరకు రాకపోవచ్చు. ఒకదానిపై ఒకటి పడే కోడ్ల సమస్యకు టీఈఐలో పరిష్కారాలు లేకపోలేదు. గుర్తులను పాఠం బయట ఉంచే దారులు అందులోనూ ఉన్నాయి కానీ, ఆ దారిలో వెళ్లేవారికి ప్రోగ్రామర్ తోడు కావాలి. మాట తీరే పరిశోధన వస్తువైతే టీఈఐ ఎంచుకోండి. మాటల్లోని విషయమే మీకు ముఖ్యమైతే ఈ బరువు ఎత్తుకోనవసరం లేదు.

## డీడీఐ

డీడీఐని మిగతావాటికి ప్రత్యామ్నాయంగా చూడడం ఒక పొరపాటు అవగాహన. 1995లో సామాజిక శాస్త్ర డేటా ఆర్కైవ్‌ల వాళ్లు మొదలుపెట్టిన ఈ ప్రమాణం సామగ్రి లోపలికి వెళ్లదు, సామగ్రి గురించి చెబుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో, ఎవరిని ఎంపిక చేసుకుని అధ్యయనం చేశారు, దాన్ని ఎవరు ఏ షరతులతో వాడుకోవచ్చు అన్న వివరాలను యంత్రం చదవగల రూపంలో రాస్తుంది. మన దేశ గణాంక మంత్రిత్వ శాఖ సర్వేల మైక్రోడేటా (ఒక్కో జవాబుదారు స్థాయి డేటా) జాబితా నడిచేది కూడా డీడీఐ ఆధారంగా పనిచేసే నాడా సాఫ్ట్‌వేర్‌పైనే. సర్వేల కోసం పుట్టినది కాబట్టి దీనిలో చరరాశుల వివరణకు ఉన్నంత వెసులుబాటు ఇంటర్వ్యూ ముక్కల వివరణకు లేదు. ఆర్కైవ్‌కు ఇచ్చేవారికి ఇది ఎలాగూ కావాలి, తరచూ ఆర్కైవ్ వాళ్లే నింపిస్తారు.

## క్యూడెక్స్

బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న యూకే డేటా ఆర్కైవ్ వాళ్లు 2000 దశకం రెండో సగంలో క్యూడెక్స్‌ను రూపొందించారు. గుణాత్మక సామగ్రిని దాచేందుకు 1994 నుంచే అక్కడ క్వాలిడేటా అనే ప్రత్యేక విభాగం ఉండేది కాబట్టి, ఈ సమస్య లోతు వారికి తెలుసు. పాఠం, దానిలోని ముక్క, ముక్కకు ఇచ్చిన కోడ్, మెమో, వీటి మధ్య సంబంధాలు అన్నిటినీ విడివిడి అంశాలుగా చూసి, ఒక్కొక్కటి మరొకదాన్ని సూచించేలా కట్టిన నమూనా ఇది. రెఫీ-క్యూడీఏ ఆలోచనా ధోరణి దీనికి చాలా దగ్గర.

నమూనాగా క్యూడెక్స్‌లో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లు దీన్ని విస్తృతంగా స్వీకరించలేదు. వ్యక్తిగత పరిశోధకుడు ఇవాళ దీన్ని ఎంచుకోవలసిన అవసరం కనబడదు. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం తన సొంత మౌఖిక చరిత్ర భాండాగారాన్ని కట్టుకుంటూ, ఒక ఇంటర్వ్యూలోని పేరాను ఒక ఛాయాచిత్రంలోని భాగంతో జోడించే వీలు కావాలనుకుంటే మాత్రం క్యూడెక్స్ నమూనాను తప్పక చదవాలి.

## వెబ్ అనోటేషన్

ప్రపంచ వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2017 ఫిబ్రవరిలో ఆమోదించిన నమూనా ఇది. పాఠంలోని ముక్కను సూచించడానికి ఇందులో ఉన్న పద్ధతుల్లో రెండు ఇక్కడ ముఖ్యం. అక్షరాల సంఖ్య చెప్పడం ఒకటి. ఆ ముక్కలోని మాటలనే ఉటంకించి, దానికి ముందు వెనుక ఉన్న కొన్ని మాటలను కూడా జతచేయడం రెండోది. ఈ రెండో పద్ధతి వల్ల మూల పాఠంలో చిన్న మార్పు జరిగినా ముక్క దొరుకుతుంది, ఇది రెఫీ-క్యూడీఏ లెక్కకు లేని బలం. అమెరికాలోని సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో ఉన్న గుణాత్మక డేటా రిపాజిటరీ, ప్రచురిత వ్యాసంలోని ఒక్కో వాదన పక్కన దాని మూల ఆధారాన్నీ, రచయిత వివరణనూ చూపేందుకు అనోటేషన్ పద్ధతినే వాడుతుంది. రాజకీయ శాస్త్రం, చరిత్ర రంగాల్లో వ్యాసం రాస్తున్నవారికి ఇది చాలా నప్పుతుంది. అయితే అంతస్తులుగా ఉండే కోడ్‌బుక్, వ్యక్తుల వివరాలు వంటివి ఇందులో సహజంగా ఇమడవు.

## సాదా పాఠం, స్ప్రెడ్‌షీట్

మార్కప్ చర్చలో దీనికి గౌరవం తక్కువ, ఆయుష్షు ఎక్కువ. యూటీఎఫ్-8లో (అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను ఫైలులో రాసే పద్ధతి) దాచిన సాదా పాఠం ఫైళ్లు, పత్రం పేరు, ముక్క, కోడ్, కోడర్, మెమో అన్న నిలువువరుసలున్న ఒక సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసిన సాదా ఫైలు) పట్టిక, కోడ్ల నిర్వచనాలున్న మరొక పత్రం ఉంటే, ఏ సాఫ్ట్‌వేర్ మూతపడినా మీ పని చదవదగినదిగానే ఉంటుంది. పైన చెప్పిన మార్గాల్లో ఏది ఎంచుకున్నా ఇది పక్కన ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇది ఒక్కటే సరిపోయే సందర్భాలు కూడా ఉన్నాయి: పది పన్నెండు ఇంటర్వ్యూలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థకు క్యూడీపీఎక్స్ గురించి దిగులు అనవసరం.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

విశ్వవిద్యాలయ లైసెన్సుతో సాఫ్ట్‌వేర్ వాడుతున్న పీహెచ్‌డీ విద్యార్థికి సిద్ధాంత వ్యాసం సమర్పించాక ఆ లైసెన్సు పోతుంది, ఆ తరువాతే పుస్తకంగానో వ్యాసాలుగానో రాసే పని మిగిలి ఉంటుంది. వీరు లైసెన్సు ఉండగానే క్యూడీపీఎక్స్ ఎగుమతి చేసి, దాన్ని క్వాల్‌కోడర్‌లో తెరిచి చూసుకోవాలి. ఎగుమతి చేశాం కదా అని ఊరుకుంటే, తప్పు దొరికేనాటికి మూల సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండదు.

రెండు సంస్థలు కలిసి చేసే ప్రాజెక్టులో ఒకరు మ్యాక్స్‌క్యూడీఏ, మరొకరు ఎన్‌వివో వాడుతుంటే, మొదటి నుంచీ పూర్తి ప్రాజెక్టులను అటూ ఇటూ తిప్పడం నేను సిఫారసు చేయను. ప్రతి మార్పిడిలోనూ ఏదో ఒకటి రాలిపోతుంది. మొదట క్యూడీసీ రూపంలో కోడ్‌బుక్ ఒక్కటే పంచుకుని, ఎవరి ఇంటర్వ్యూలు వారు కోడ్ చేసుకుని, చివరలో ఒక్కసారి మాత్రమే పూర్తి ప్రాజెక్టులు కలపడం మేలు. దీనికి చెల్లించే మూల్యం ఏమంటే, మధ్యలో కొత్త కోడ్లు పుట్టినప్పుడు ఎవరు చేర్చాలన్న క్రమశిక్షణ బృందంలో ఉండాలి. ఆ క్రమశిక్షణ కుదరదనుకునే బృందాలు ఇద్దరికీ ఒకే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం చివరికి చవక.

మౌఖిక చరిత్ర, మాండలిక పరిశోధన చేసేవారు ముఖ్యమైన కొన్ని ఇంటర్వ్యూలకు టీఈఐ, మిగతావాటికి సాదా పాఠం అని విభజించుకోవడం ఆచరణలో నడుస్తుంది. ఆర్కైవ్ నిర్వాహకులు అధ్యయన వివరాలకు డీడీఐ, సామగ్రికి సాదా పాఠం, దొరికితే క్యూడీపీఎక్స్ కోరాలి. క్యూడీపీఎక్స్ ఒక్కటే తీసుకుని భద్రపరిచామనుకోవడం తగదు.

## తెలుగు పాఠానికి ఎగుమతి పరీక్ష

పాఠం బయట గుర్తులుంచే ప్రమాణాలు ఎక్కువగా అక్షరాల లెక్కపై ఆధారపడతాయి, మన లిపిలో ఆ లెక్కే మోసం చేస్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. ‘పై’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జతగానూ రాయవచ్చు. తెరపై తేడా కనబడదు, లెక్కలో ఒకటి తేడా వస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనబడని ఒక విభాజక సంకేతం ఉంటుంది, కొన్ని ప్రోగ్రాములు దాన్ని చప్పుడు లేకుండా తీసేస్తాయి. వీటికి తోడు, విండోస్‌లో పంక్తి ముగింపుకు రెండు సంకేతాలు, ఇతర చోట్ల ఒకటి.

కాబట్టి కోడింగ్ మొదలుపెట్టాక ట్రాన్‌స్క్రిప్టును దిద్దడం మానాలి, దిద్దుబాట్లన్నీ ముందే ముగించాలి. ఆపైన, అసలు ప్రాజెక్టు ఎగుమతి చేయకముందే, ఇరవై పేరాలున్న ఒక చిన్న తెలుగు పత్రం తయారు చేయండి. మొదటి పేరాలో ‘స్త్రీ’, ఐదో పేరాలో ‘పై’, పదో పేరాలో ‘సాఫ్ట్‌వేర్’, చివరి పేరాలో చివరి మాట, ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు కోడ్లు ఇచ్చి, ఎగుమతి చేసి, అవతలి సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. చివరి మాట కోడ్ దాదాపు పేరాల సంఖ్య అంత పక్కకు జరిగి ఉంటే తప్పు పంక్తి ముగింపుల్లో ఉంది. ఐదో పేరా వరకు అన్నీ సరిగా ఉండి అక్కడి నుంచి ఒక్కొక్కటి జరిగితే ఐత్వం రాసిన తీరు మారింది. పదో పేరా తరువాతే జరిగితే విభాజకం పోయింది. మొదటి కోడ్ నుంచే గుర్తులు తప్పి, చివరివి పాఠం దాటిపోయేంత దూరంగా పడితే ఎవరో సంకేతాలకు బదులు బైట్లు లెక్కపెడుతున్నారు. మొదటి మూడు తప్పులను, మూల పాఠాన్ని ఒకే యూనికోడ్ రూపంలోకి, ఒకే రకం పంక్తి ముగింపులోకి మార్చి, అవసరమైతే విభాజకాలను ముందే తొలగించి, ఆ తరువాతే కోడింగ్ మొదలుపెట్టడం ద్వారా నివారించవచ్చు. నాలుగోది మాత్రం పరిశోధకుడి చేతిలో లేనిది. అలాంటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ప్రాజెక్టును పంపకుండా, సీఎస్‌వీ పట్టికతో సరిపెట్టుకుని, పరీక్ష పత్రాన్ని జతచేసి తయారీదారుకు రాయాలి.